వాసన లేని మాస్కు

ఒకసారి వాడి పారేయాల్సిన మాస్కులవి. కొరత వచ్చాక ఆసుపత్రిలో వాటిని వేడి పెట్టెలో క్రిములు చచ్చేదాకా ఉంచి మళ్ళీ ఇస్తున్నారు. ఆ పెట్టె బాధ్యత తమ్ముడిది. అక్క ఊపిరితిత్తుల వార్డులో నర్సు. ఎవరివి వాళ్ళకే చేరాలని ప్రతివాళ్ళ రెండు మాస్కుల పట్టీల మీదా పేరు రాసి ఉంటుంది.

"ఒరేయ్, నీ పొయ్యిలోంచి వచ్చింది పెట్టుకుంటే తడి సాక్సు మొహాన కట్టుకున్నట్టుందిరా," అంది అక్క ఒకరోజు.

"మహారాణిగారికి అత్తరు పూయించమంటావా?"

"పూయిస్తే వద్దంటానా!"

ఆమె నవ్వుతూ వెళ్ళిపోయింది. ఆ మాట అతని మనసులో నాటుకుంది. అమ్మ పోయాక అతన్ని పెంచింది అక్కే. ఆమెకు తాను చేసిపెట్టింది ఏదీ లేదన్న దిగులు ఎప్పుడూ లోపల నలుగుతూ ఉండేది. ఆ రోజు నుంచి ఆమె మాస్కులను మాత్రం పెట్టెలోంచి తీశాక స్పిరిట్‌లో ముంచి, ఆరబెట్టి ఇస్తూ వచ్చాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే అది అక్కకు మాత్రమే చేసిన పని కాకుండా పోతుంది.

కొన్నాళ్ళకు మాస్కులను పరీక్షించే మేడమ్ వచ్చింది. ట్రేలోంచి చేతికందిన మాస్కులు తీసి, సన్నని ఉప్పు పొగ వదిలే యంత్రానికి ఒక్కొక్కటే బిగించింది. మాసినవన్నీ పొగను ఆపాయి. అన్నిటికంటే శుభ్రంగా ఉన్నది సగం పొగను వదిలేసింది.

"దీన్నేం చేశావయ్యా?"

"స్పిరిట్‌లో ముంచాను. వాసన పోతుందని..."

"కొంప ముంచావు! తల దువ్విన దువ్వెన కాగితం ముక్కల్ని లాగినట్టు, ఈ పోగులు తుంపర్లని లాగి పట్టుకుంటాయి. ఈ మాత్రం వేడికి ఆ గుణం పోదు. స్పిరిట్ తగిలితే పోతుంది. పైకేమీ తెలీదు. ఎవరిదిది?"

పట్టీ తిప్పి చూడాల్సిన అవసరం అతనికి లేదు. దాని జత ఆ క్షణాన అక్క మొహాన ఉంది.

వార్డు అద్దం తలుపు బాదాడు. ఆమె తలుపు దగ్గరికి వచ్చింది.

"అక్కా, బయటికి వచ్చెయ్. నీ మాస్కు పనిచెయ్యదు. నేనే పాడుచేశాను."

ఆమె కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. "అందరివీనా?"

"నీవి మాత్రమే."

"నన్నూ అందరితో పాటే చూడాల్సిందిరా," అంది.

జబ్బు అంటుకుందేమోనని ఆమెను విడిగా ఒక గదిలో ఉంచారు. ఆ వార్డు జబ్బు తగిలిన చాలామందికి ముందు వాసన పోతుంది. పట్టీ తెగి పక్కన పడేసిన మాస్కు ఒకటి రోజూ వేడిచేసి, ఆమె వాసన చూడటానికి గుమ్మంలో పెట్టి, దూరంగా జరిగి నిలబడేవాడు. లోపలి నుంచి "తడి సాక్సే," అని వినపడితే పనిలోకి పోయేవాడు.

ఇవాళ జవాబు రాలేదు.

"అక్కా?"

"వాసన వస్తోందో, గుర్తొస్తోందో తెలియట్లేదురా."

అతను గోడకు చెయ్యి ఆనించాడు. "మళ్ళీ చూడు. దగ్గరగా పెట్టుకుని చూడు."

ఆమె మాట వినపడకుండా పోతుందేమోనని తన ఊపిరి బిగపట్టాడు.

"ఛీ!" అంది అక్క. "ఉంది. ఉందిరా."

అతను గోడవారగా కూలబడ్డాడు.

"రేపు కూడా తీసుకురా," అంది ఆమె.