ఎర్ర గొలుసు, నీలి గొలుసు

అబ్బయ్య ఉప్పల్ చౌరస్తాలో బోర్డు చేయించేశాడు. నల్లరాయి మీద బంగారు రంగు అక్షరాలు: డాక్టర్ రూతు. కూతురి పీహెచ్‌డీ చివరి సెమినార్ గురువారం గాని లేదు. "గింత ముందుగాల ఎందుకు నాయినా?" అంటే వింటాడా? నాచారంలో తను పనిచేసే పైపుల ఫ్యాక్టరీ గేటు నుంచి ఇంటిదాకా కనబడిన ప్రతివాడికీ చూపించుకుంటూ తెచ్చాడు.

రూతు చదువు హబ్సిగూడ క్యాంపస్‌లో, కంప్యూటర్లో ప్లాస్టిక్‌ను కరిగించడం. ఒక్కో అణువునూ పూసలు గుచ్చిన పొడవాటి గొలుసు అనుకుని, అలాంటివి వందల కొద్దీ ఒక డబ్బాలో కుక్కి, ఎలా కదులుతాయో లెక్క కట్టించాలి. ఇంకా ఎవరూ తయారుచేయని ఒక ప్లాస్టిక్, కరిగితే అనుకున్నదానికన్నా తేలిగ్గా పారుతుందని ఆమె లెక్క తేల్చింది. ఇలాంటి ప్లాస్టిక్‌లు తేలిగ్గా పారతాయని మొదట లెక్క కట్టి పేరు తెచ్చుకున్నది ఆమె గైడ్ రామ్మోహనరావు సారే.

ఆ ల్యాబులో ఒక ఆచారం ఉంది. కొత్తగా చేరినవాళ్లకు సీనియర్ లెక్కకు కావలసిన అంకెలన్నీ ఉన్న తన సెట్టింగుల ఫైలు ఇస్తాడు. అమ్మమ్మ చెప్పిన ఆవకాయ కొలతలాగా దాన్నెవరూ మార్చరు. రూతూ మార్చలేదు.

సెమినార్‌లో బాగుంటుందని గొలుసుల కదలికను వీడియో చేస్తూ, ఒక గొలుసుకు ఎరుపు, ఇంకోదానికి నీలం వేసింది. రెండూ మెలిక పడ్డాయి. మరుక్షణం విడివిడిగా ఉన్నాయి. కొసలు కదలనే లేదు! ఎర్రది నీలిదానిలోంచి దూరిపోయింది. నిజం గొలుసులు అలా దూరవు, చిక్కుకుంటాయి. కొసదాకా పాకితేగాని బయటపడవు. ఫైలు తెరిస్తే, లెక్క త్వరగా తెమలాలని పూసల్ని ఒకదాన్లోంచి ఒకటి దూరిపోయేంత మెత్తగా పెట్టి ఉంది. ప్లాస్టిక్ తేలిగ్గా పారడంలోని మహిమంతా అదే.

పక్క సీటు హృషికేశ్ తొంగిచూసి నాలుక కరుచుకున్నాడు.

"అక్కా, ఆ వీడియో తీసెయ్. గ్రాఫ్ ఒక్కటి సూపెట్టు. ఎవ్వలడుగుతరు? సార్ సంతకం పెడ్తే అయిపాయె."

"నేను సూసిన గద హృషీ. ఇప్పుడు సూడనట్టు ఎట్లుంట?"

సార్ గది ముందు ఒక్క క్షణం ఆగింది. ఆ ఫైలు మొదట రాసింది ఆయనే. నాయిన బోర్డు కళ్లలో మెదిలింది. అయినా తలుపు తట్టింది.

సార్ వీడియో చూశారు. మళ్లీ పెట్టమన్నారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అప్పట్లో కంప్యూటర్లు చిన్నవమ్మా. తాత్కాలికంగా పెట్టాను. తర్వాత మారుద్దామనుకున్నాను." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. "గట్టి పూసలతో మొదట్నుంచీ చేస్తే ఏడాది పడుతుంది. నీ ఫెలోషిప్ అయిపోతోంది కదా?"

"పొద్దుగాల కోచింగ్ సెంటర్ల ఫిజిక్స్ చెప్పుకుంట సార్. పని మాత్రం ఆపను."

ఆయన వీడియో మూసేశారు. తర్వాత సెమినార్ రద్దు చేయమని ఆఫీసుకు ఫోన్ చేశారు. "నా పాత పేపరు తప్పని నేనే రాస్తాను," అన్నారు.

ఇంట్లో అబ్బయ్య అంతా విని నిట్టూర్చాడు. బోర్డుకు పాత దుప్పటి చుట్టి అటకెక్కించాడు.

"రాయే గద బిడ్డా, మురిగిపోతదా? నువ్వు ఫికర్ జెయ్యకు."

మర్నాడు రూతు కొత్త ఫైలు తనే రాసింది. ప్రతి అంకె సరిచూసుకుని నడిపించింది. ఎర్ర గొలుసు నీలిదాని దాకా వచ్చి ఆగిపోయింది. దూరే సందు లేదు, చుట్టు తిరిగి రావలసిందే.

"పాకు తల్లీ, మెల్లగ పాకు," అంది రూతు కుర్చీ ముందుకు లాక్కుని. "యాడాదైనా నేను ఈడ్నే ఉంట."