వేడినీళ్ళ సాక్ష్యం

ఇమ్మిగ్రేషన్ అధికారి వచ్చే రోజున మెకానిక్ తన గదిలో అడుగుపెట్టి, పొరపాటున పక్కింట్లోకి వచ్చానేమో అనుకున్నాడు. మంచం మీద ముడత లేని దుప్పటి. తలుపు వెనక వేలాడే గ్రీజు బట్టలు మాయం. దువ్వెన లేదు, గడ్డం గీసుకునే సామాను లేదు. కొక్కేనికి కొత్త తువ్వాలు, దానికి ఇంకా ఊడదీయని ధర చీటీ.

"అన్నీ మూటకట్టి మంచం కిందకి తోసేశాను బాబూ," అంది అత్తయ్య, చీపురు చేత్తోనే. "ఆ ఆఫీసరమ్మ చూస్తే మీ పరువేం కావాలి?"

ఈ అత్తయ్య అతని భార్యకి పిన్ని. ఆ పిల్లని పెంచింది ఆవిడే. పెళ్ళయ్యాక కూడా జంటని వేరు కాపురానికి పోనివ్వలేదు. టైలరు పని చేసే ఆ భార్య ఈ దేశపు మనిషి, అతను కాదు. అతను ఇక్కడ ఉండాలంటే ఇద్దరూ ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నారని ఇమ్మిగ్రేషన్ వాళ్ళు నమ్మాలి. అద్దె కాగితం చూపిద్దామంటే, అద్దె మాటెత్తినందుకు అత్తయ్య పూటంతా అలిగింది. కరెంటు బిల్లూ గ్యాసు బిల్లూ మామయ్య పేరు మీదే వస్తాయి. ఇక అధికారి కళ్ళారా చూసి నమ్మాలి. నమ్మకపోతే అతను భార్యని వదిలి మూటాముల్లె సర్దుకోవాలి.

పైకి చెప్పలేదు గానీ అతనికి ఇంకో బెంగ కూడా ఉంది. ఆ ఇంట్లో అతన్ని ఎవరూ పల్లెత్తు మాట అనరు. అతను వస్తే మంచి కుర్చీ ఖాళీ చేసి లేస్తారు. ఏడాది దాటినా చుట్టపుచూపుగా వచ్చినట్టే ఉంది అతనికి.

అధికారి వచ్చింది. గదంతా కలియజూసింది.

"ఈ మంచం మీద ఇద్దరు పడుకుంటున్నారా?"

"పడుకుంటారండీ. చాలా నీటుగా పడుకుంటారు," అంది అత్తయ్య.

"అల్లుడు ఎలాంటివాడు?"

"బంగారం!"

"ఆయనతో ఏమైనా ఇబ్బంది?"

"అబ్బే!"

"మీకో?"

మామయ్య పెళ్ళాం వైపు ఓ చూపు చూసి, "అబ్బే," అన్నాడు. పాపం, అంతకంటే ఏమనగలడు? బయటివాళ్ళ ముందు అల్లుడి మీద మాట జారితే ఇంట్లో అడుగుపెట్టనివ్వనని ముందే వార్నింగ్ అయింది.

అధికారి ఫైలు మూసింది. "మీరంతా మంచివాళ్ళేనమ్మా. కానీ ఈయన ఇక్కడ ఉంటున్నట్టు నాకు అనిపించట్లేదు. ఎప్పుడో వచ్చిపోయే చుట్టం గురించి చెప్తున్నట్టుంది."

మెకానిక్ రోజూ లోలోపల అనుకునే మాటే ఆవిడ పైకి అనేసింది.

మామయ్యకి చిర్రెత్తుకొచ్చింది. తెల్లారకముందే బేకరీలో పొయ్యి దగ్గర నిలబడే మనిషి.

"ఉండకపోతే నా వేడినీళ్ళన్నీ ఎవరు కాజేస్తున్నారండీ? బస్సు డిపోలో రాత్రి డ్యూటీ దిగొచ్చి, పాటలు పాడుకుంటూ బాయిలరంతా ఖాళీ చేస్తాడు. నేను చన్నీళ్ళతో వణుక్కుంటూ పోతున్నాను. ఆ పాటైనా పూర్తిగా రాదు!"

"ఏమండీ!" అని అత్తయ్య కసిరింది. కసిరింది గానీ ఎంతసేపు ఆగగలదు? "నీళ్ళదేముందండీ, జేబులో నట్లు తియ్యకుండా బట్టలు వాషింగ్ మిషన్‌లో పడేస్తాడు. మిషన్ కాదది, డప్పు! బాగున్న మిక్సీని బాగుచేశాడు. ఇప్పుడది మూత పెడితే ఆగిపోతుంది, తీస్తే తిరుగుతుంది."

"ఖాళీ డబ్బా తీసుకెళ్ళి మళ్ళీ అలమారలోనే పెడతాడు," అన్నాడు మామయ్య.

"నిద్రలో బస్సులు రివర్స్ చేయిస్తాడండీ," అంది టైలరు, సిగ్గంతా గాలికొదిలేసి. "'రానీ, రానీ, ఆపు!' అని ఒకటే అరుపు. ఆపు అన్నప్పుడల్లా నన్ను తంతాడు!"

అత్తయ్య వంగి మంచం కింద మూట బరబరా బయటికి లాగి విప్పింది. గ్రీజు బట్టలు, రేజరు, జోడీ లేని మేజోళ్ళు, టీవీ రిమోట్లోంచి పీకిన బ్యాటరీలు నేల మీద దొర్లాయి. "ఇదిగో, చూడండి మా బంగారం!"

మెకానిక్ నోరు తెరుచుకుని వింటున్నాడు. ఇంతమంది ఇంత కసిగా తనని పట్టించుకుంటున్నారని అతనికి ఇన్నాళ్ళూ తెలియదు. సంతోషం పట్టలేకపోయాడు.

అధికారి పొట్ట పట్టుకుని నవ్వింది. "చాలమ్మా, చాలు. ఇన్ని తిట్లు చుట్టాలకి పడవు. భార్యాభర్తలిద్దరూ ఇక్కడే ఉంటున్నారని రాస్తున్నాను." అక్కడే నిలబడి రాసి, సంతకం పెట్టి మరీ వెళ్ళింది.

తలుపు మూసుకోగానే అత్తయ్యకి మర్యాద గుర్తొచ్చింది. "ఏదో నోరు జారాం బాబూ. మనసులో పెట్టుకోకండి."

అతను పరపరమని కుర్చీ ఈడ్చుకొచ్చి ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. "ఇంకా ఏమేం ఉన్నాయి అత్తయ్యా? అన్నీ చెప్పండి."

అత్తయ్య అతని ముఖంలోకి చూసింది. తర్వాత నేల వైపు చూసింది.

"ముందా కుర్చీ ఎత్తి పెట్టడం నేర్చుకో. గచ్చంతా గీతలు!"