ఇరవై నిమిషాలు ముందున్న గడియారం

ఆ ఇంట్లో గడియారాలన్నీ ఇరవై నిమిషాలు ముందు నడుస్తాయి. గోడ గడియారం, మంచం పక్కన అలారం, ఆయన చేతి గడియారం, అన్నీ. పెళ్లయిన కొత్తలో ఆయన భార్య పెట్టిన పద్ధతి అది. బళ్లో సైన్సు చెప్పే మనిషి, ఒక్క నిమిషం ఆలస్యమైనా ఆమెకు గిట్టేది కాదు. "ముందుందని తెలిశాక ఇంకేం లాభం? మనసులో ఇరవై తీసేసుకుంటాంగా" అని ఆయన నవ్వితే, "తీసుకోండి. తీసివేతలైనా వస్తాయి" అనేది. ఆమె పోయి నాలుగేళ్లయింది. ఆయన ఇప్పటికీ ఇరవై తీసేస్తూనే ఉన్నాడు.

ఆయన ఒక ప్రెస్సుకు ప్రూఫులు దిద్దుతాడు. ఇంటి దగ్గర కూర్చుని చేసుకునే పని. అది కొంత నయం, ఎందుకంటే అత్తగారిని వదిలి గంటసేపు ఎటూ కదలడానికి లేదు. కూతురు పోయిన సంగతి ఆవిడ తలలో నిలవదు. ఫోను మోగితే అమ్మాయే అని పరుగెత్తి, కాదని తెలుసుకుని, ఆ ఏడుపు మళ్లీ మొదటినుంచీ ఏడుస్తుంది. అందుకని ఇంటి ఫోనుకు గంట మోగకుండా చేశాడు. తలుపు తీసి ఉంటే అమ్మాయికి ఎదురెళ్తానని రోడ్డెక్కుతుంది. అందుకని ఎవరు బయటికి వెళ్లినా బయట తాళం. సాయంత్రం ఆరయ్యేసరికి, బడి నుంచి, ట్యూషన్ల నుంచి అమ్మాయి వచ్చే వేళయిందని కాఫీ పెట్టడానికి లేస్తుంది. పోయిన నెలలో అలాగే లేచి స్టవ్ తిప్పి, అగ్గిపెట్టె వెతుక్కుంటూ, దేనికోసం వెతుకుతోందో మరిచిపోయి నిలబడిపోయింది. ఆయన కూరల సంచితో వచ్చేసరికి ఇల్లంతా గ్యాసు. ఆనాటి నుంచీ మధ్యాహ్నం వంట కాగానే సిలిండరు రెగ్యులేటరు కట్టేయడం ఆయన చేతికి అలవాటైపోయింది.

"అన్నయ్యగారూ, ఈ మధ్య అద్దంలో చూసుకున్నారా? మీకంటే పిన్నిగారే కుర్రపిల్లలా ఉన్నారు" అంది ఒకరోజు పక్కవీధి ఆవిడ. బిస్కెట్ల ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టులో ప్యాకింగు చేస్తుంది. "పొద్దుటంతా నేను ఖాళీయే. ఎల్లుండి ఆవిడ దగ్గర నేనుంటాను. మీరు లాంచీ ఎక్కి సముద్రంలో ఆ దీవికెళ్లి రండి."

"అక్కడికెళ్లి ఏం చేయనమ్మా?"

"ఏమీ చేయకండి. ఊరికే కూర్చోండి. అది కూడా రాదా మీకు?"

ఆయన మొహమాటంగా నవ్వాడు. నిజానికి రాదు.

"ఒక్కటే మాట. ఐదుంబావుకల్లా నేను బయల్దేరాలి. ఐదున్నరకి ఫ్యాక్టరీ గేటు మూసేస్తారు. ఇప్పటికే రెండుసార్లు కాగితం మీద తిట్టించుకున్నాను. మూడోసారి ఇంటికే."

"నాలుగింటి లాంచీకి వచ్చేస్తాను. ఐదుకల్లా ఇంట్లో ఉంటాను."

"మీరు వీధి మలుపులో ఉన్నా సరే, నేను తాళం వేసి వెళ్తాను. తాళంచెవి మీ దగ్గరుంటుందిగా!"

ఆమెకు సొంత ఫోను లేదు. ఉంటే కూతుళ్లిద్దరూ దానికోసం జుట్లు పట్టుకుంటారని కొనలేదు. ఆయన ఒక కాగితం మీద అన్నీ రాసిచ్చాడు. ఏ మాత్ర ఎప్పుడు, అన్నం ఎంత మెత్తగా, అమ్మాయి ఏదని అడిగితే ఏం చెప్పాలి. ప్రూఫులు దిద్దే మనిషి కదా, రెండుసార్లు చదివి చూసుకున్నాడు. ఒక్క తప్పు లేదు.

దీవి మీద దిగి చెప్పులు చేత్తో పట్టుకున్నాక గానీ ఆయనకు తన భుజాలు ఎంత బిగుసుకుపోయి ఉన్నాయో తెలియలేదు. తడి ఇసుక పాదాల కింద చల్లగా దిగబడింది. ఎవరూ పిలవలేదు. నాలుగేళ్లలో మొదటిసారి, చెవి ఒక గది వైపు పెట్టుకోకుండా నడిచాడు. కొబ్బరిబోండాల ముసలాయన బోండాం కొట్టిచ్చి, "తొందరేం లేదు, నీళ్లు ఎటూ పోవు" అన్నాడు. సరుగుడు చెట్ల కింద తువ్వాలు పరుచుకుని పడుకుంటే, గాలి హోరులో నిజంగా నిద్ర పట్టింది. లేచాక రేవు పక్క చిన్న హోటల్లో వేడి అన్నం, వేయించిన చేప తిన్నాడు. తను వండని అన్నం ఎవరో తన ముందు పెట్టడం ఎంత పెద్ద సంగతో! పెట్టిన పిల్ల "ఇంకొంచెం?" అని అడిగితే కంచం ముందుకు జరిపాడు.

అత్తగారికోసం ఒక గవ్వ ఏరాడు. చేతి గడియారం చూశాడు. నాలుగు కావడానికి ఐదు నిమిషాలు. ఇరవై తీసేస్తే మూడూ ముప్పై ఐదు. బోలెడంత వ్యవధి. ఇంకో గవ్వ, మొదటిదానికంటే మంచిది, వెతుక్కుంటూ నెమ్మదిగా రేవుకు నడిచాడు.

రేవు ఖాళీగా ఉంది. టికెట్ల గుమాస్తా కిటికీ తలుపు దించుతున్నాడు.

"లాంచీ ఇంకా రాలేదా?"

"వచ్చింది, వెళ్లింది కూడా."

"నాలుగింటికి కదా?"

"నాలుగింటికే వెళ్లింది."

"అదేమిటయ్యా, ఇప్పుడు మూడూ యాభైయే కదా!"

గుమాస్తా ఆయన చేయి పట్టుకుని గడియారం తిప్పి చూశాడు. "నాలుగూ పది అని చక్కగా చూపిస్తోంది కదండీ. మీరు పెట్టుకున్నది గడియారమా, గాజా?"

అప్పుడు గుర్తొచ్చింది. మొన్న గడియారం ఆగిపోతే వీధి చివర దుకాణంలో బ్యాటరీ వేయించాడు. దుకాణంవాడు మంచివాడు. అద్దం తుడిచి, పట్టీ బిగించి, అడక్కుండానే ముళ్లు సరిచేసి ఇచ్చి ఉంటాడు. పొద్దున ఇంట్లో గోడ గడియారం చూసుకుని బయల్దేరాడు కాబట్టి ఇబ్బంది రాలేదు. జేబులో ఉన్న బటన్ల ఫోనులో సమయం ఆయన ఏనాడూ పెట్టుకోలేదు.

"తర్వాతది ఎప్పుడు?"

"రేపు తొమ్మిదింటికి."

ఆయన అక్కడే చెక్కబల్ల మీద కూర్చోబోయి, సగంలో ఆగిపోయాడు. ఐదుంబావుకు పక్కవీధి ఆవిడ తాళం వేసి వెళ్లిపోతుంది. ఆరింటికి అత్తయ్య కాఫీకి లేస్తుంది. రెగ్యులేటరు. ఆ కాగితంలో రెగ్యులేటరు సంగతి రాయలేదు. తల చేసే పనులన్నీ రాశాడు. అది చేతి పని. తలకు తట్టనేలేదు.

ఇంటి ఫోనుకు చేశాడు. అవతల మోగుతున్నట్టు ఇవతల వినబడింది. అక్కడ మోగదని ఆయనకు తెలుసు. తనే కదా దాని నోరు నొక్కింది. అయినా చేశాడు. మళ్లీ చేశాడు. ఏ రెండు అడుగుల దూరంలోనో పక్కవీధి ఆవిడ కూర్చుని బఠాణీలు ఒలుస్తూ ఉంటుంది. ఫోను వైపు ఒక్కసారి చూడమ్మా, ఊరికే చేతిలోకి తీసుకోమ్మా అని పైకే అనేశాడు. గుమాస్తా తల పక్కకు తిప్పుకున్నాడు.

పోలీసులకు చేశాడు. అవతలివాడు ఓపిగ్గానే విన్నాడు. "లోపల ప్రమాదం జరిగిందాండీ?"

"ఇంకా లేదు. ఆరింటికి జరగొచ్చు."

"తాళం పగలగొట్టాలంటే ఇంటివాళ్లు ఎవరైనా ఉండాలి కదండీ. సరే, మనిషి వస్తే పంపిస్తాను."

వస్తే. ఆయన రేవు వెంట పరుగెత్తాడు. ఆటు వేళ నీళ్లు వెనక్కి తీయడంతో పడవలన్నీ బురదలో ఒరిగి ఉన్నాయి. చివర్న లోతున్న చోట ఒక్క పడవ నీళ్ల మీద ఊగుతోంది. చేపల పెట్టెలు ఎక్కిస్తున్న ఐసు పడవ. దాన్ని నడిపే సరంగు గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"నన్ను ఒడ్డుకు తీసుకెళ్లు బాబూ. ఎంతైనా ఇస్తాను."

"ఇది మనుషులెక్కే పడవ కాదండీ. చేపలైతే నోరు మెదపవని ఎక్కించుకుంటాం."

"నేనూ మెదపను."

సరంగు ఆయన మొహం చూశాడు. బీడీ పారేశాడు. "పెట్టెలు ఇంకా ముప్పై ఉన్నాయి. ఎక్కేదాకా కదలదు."

ఆయన చొక్కా చేతులు పైకి మడిచాడు. యాభై తొమ్మిదేళ్ల మనిషి, ఎర్ర సిరా పెన్ను తప్ప బరువైనదేదీ ఎత్తనివాడు, ఐసు కారుతున్న పెట్టెలను గుండెకు హత్తుకుని, పడవలోకి వేసిన చెక్క పలక మీద నడిచాడు. రెండుసార్లు జారాడు. మూడోసారి సరంగు వెనకనుంచి చొక్కా పట్టుకుని ఆపి, "మీరు పడితే ఇంకా ఆలస్యం" అన్నాడు. పడవ కదిలేసరికి ఐదు దాటింది.

లాంచీ ముప్పావు గంటలో దాటే నీళ్లకు ఐసు పడవకు గంటన్నర. ఆయన ముందు భాగంలో నిలబడ్డాడు, అలా నిలబడితే త్వరగా చేరతామన్నట్టు.

"కూర్చోండి. సముద్రాన్ని తోయలేరు."

కూర్చున్నాడు. సరంగు ఒక పొడి గోనెసంచి విసిరాడు. ఇంకో వేళయితే ఆ గోనెసంచికి కళ్లు చెమర్చేవి. గడియారం వైపు చూడకూడదనుకుంటూనే చూశాడు. ఐదుంబావు. పక్కవీధి ఆవిడ చెప్పులేసుకుంటుంది. మెట్ల మీద నిలబడి వీధి మలుపు వైపు ఒకసారి చూస్తుంది. తాళం. కింద వాటా గోడౌను, పిలిస్తే పలికే ప్రాణి ఉండదు. ఆరు. ముళ్లు రెండూ నిటారుగా ఒక గీతలా నిలిచాయి. ఇరవై తీసేయాలని మనసు మళ్లీ ఆశపడింది. తీసేయనివ్వు, ఒక్క ఇరవై నిమిషాలు వెనక్కి ఇవ్వు అని ఎవరినో అడిగాడు. ఒక రోజు సుఖంగా ఉండాలనుకున్నాను. ఒక్క రోజు. నిద్రపోయానుగా, అన్నం తిన్నానుగా, గవ్వలు కూడా ఏరానుగా. గవ్వలు తీసి నీళ్లలోకి విసిరేయబోయాడు. చేయి రాలేదు.

ఒడ్డుకు చేరాక డబ్బు తీయబోతే సరంగు చేయి అడ్డం పెట్టాడు. "పెట్టెలు మోశారుగా. పొండి, పొండి."

వీధి మలుపు తిరిగేసరికి మునిచీకటి. పోలీసు ఎవరూ లేరు. పైవాటా వైపు చూశాడు. కిటికీలు నాలుగూ బార్లా తెరిచి ఉన్నాయి. లోపల దీపం లేదు. అత్తయ్య ఎప్పుడూ కిటికీలు తీయదు, దుమ్మని.

మెట్లు ఎలా ఎక్కాడో తెలియదు. తలుపు దగ్గర సన్నగా గ్యాసు వాసన. తాళంచెవి కన్నంలో దూరలేదు. రెండు చేతులతో పట్టుకుని దూర్చాడు. తలుపు తోశాడు. చేయి దానంతటదే గోడ మీది స్విచ్చి వైపు వెళ్లింది.

"లైటు వేయకు!"

చీకట్లోంచి అత్తగారి గొంతు. ముసలి గొంతు కాదది, క్లాసులో పాఠం చెబుతున్నట్టుంది. ఆయన చేయి గాల్లోనే ఆగింది.

"ఎన్నిసార్లు చెప్పింది అమ్మాయి? వాసన వస్తే ముందు రెగ్యులేటరు కట్టాలి. తర్వాత కిటికీలు తీయాలి. స్విచ్చి జోలికి పోకూడదు. నీకు ఒకసారి చెబితే ఎక్కదు."

కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చుంది ఆవిడ. ప్రతి ఏడాదీ ఈ పాఠం పిల్లలకు చెప్పే ముందు ఆయన భార్య వంటింట్లో అమ్మను నిలబెట్టి రిహార్సల్ చేసేది. "నేనేమైనా మూడో తరగతి పిల్లనా?" అని ఆవిడ విసుక్కుంటూనే వల్లించేది. పోయిన నెల గుర్తుకురాని పాఠం ఇవాళ వచ్చింది. కూతురు పోయిందన్న మాట నిలవని ఆ తలలో, కూతురు చెప్పిన మాట నిలిచింది.

ఆయన వంటింట్లోకి తడుముకుంటూ వెళ్లాడు. రెగ్యులేటరు ముట్టుకుని చూశాడు. గట్టిగా కట్టి ఉంది. తిరిగి వచ్చి ఆవిడ కుర్చీ పక్కన నేల మీద కూలబడ్డాడు. ఏడుపు ఆపుకోవడానికి కొంత సమయం పట్టింది. ఆవిడ చేయి ఆయన తల మీద పడి, జుట్టులో ఇసుక తగిలి ఆగింది.

"చేపల వాసన కొడుతున్నావు. ఎక్కడికెళ్లావు నాయనా?"

"ఊరికే, షికారుకి."

"పోయి పోయి ఇలా తయారై వచ్చావా!"

"ఎంతసేపయింది అత్తయ్యా, ఇలా కూర్చుని?"

"ఏమో. గడియారం చూశాను గానీ, ఇరవై కలపాలో తీసేయాలో తెలియలేదు."

కిటికీలోంచి గాలి వచ్చింది. వాసన పల్చబడుతోంది. రేపు పక్కవీధి ఆవిడకు అన్నీ చెప్పాలి, తప్పు ఆమెది కాదని ముందు చెప్పాలి. మళ్లీ ఇలా వెళ్లడం కుదరదని ఆయనకు తెలుసు. జేబులోంచి గవ్వలు తీసి, మంచిది ఆవిడ అరచేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని చీకట్లో వేళ్లతో తడిమింది.

"అమ్మాయి ఇంకా రాలేదేం?"

రోజూ ఈ ప్రశ్నకు ఆయన 'వస్తుంది' అంటాడు. ఇవాళ ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది.

"వచ్చి వెళ్లిందత్తయ్యా."

"అయ్యో, కాఫీ అయినా తాగకుండానా?"

"తొందరలో ఉన్నట్టుంది."

ఆవిడ నిట్టూర్చి గవ్వను గుప్పిట్లో మూసుకుంది. "దానికెప్పుడూ తొందరే" అంది. "అందుకేగా గడియారాలన్నీ ముందుకు తిప్పుకునేది."