ముత్యాలరావు గారి మోకు

నేను ఒక కొబ్బరి మోకును. పొడవు పన్నెండు బారలు, లావు మీ బొటనవేలంత. తాడు అని పిలిచినా పలుకుతాను గానీ మనసులో కాస్త కష్టపెట్టుకుంటాను. తాడు మీద బట్టలు ఆరేస్తారు. నాతో బీరువాలు కట్టారు, పందిరి మంచాలు కట్టారు, ఒకసారి ఒక దూడను కూడా కట్టారు గానీ ఆ సంగతి ఇప్పుడెందుకు.

ప్రస్తుతం కాకినాడ జగన్నాథపురంలో ఒక ఇంటి అటక మీద, పగిలిన లాంతరుకూ కాలు విరిగిన పీటకూ మధ్య చుట్టగా పడి ఉన్నాను. కింద వీధిలో ఇప్పుడు ఎవరు ఇల్లు మారినా వ్యాను వస్తుంది. ఒకేరకం చొక్కాలు తొడుక్కున్న మనుషులు దిగి, సామానుకు ప్లాస్టిక్ కాగితం చుట్టి, టేపు చర్రున లాగి అంటిస్తారు. గంటన్నరలో ఇల్లు ఖాళీ. పక్కింటివాళ్ళు కిటికీలోంచి చూసి, "ఓహో, వెళ్ళిపోతున్నారా" అనుకుని కిటికీ మూసుకుంటారు. పని శుభ్రంగానే జరుగుతుంది, కాదనను. అయినా ఆ టేపు చప్పుడు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ముసలితనం అనుకోండి.

నేను పుట్టింది కోనసీమలో, అంబాజీపేట దగ్గర ఒక కాలవ గట్టున. నెలల తరబడి నీళ్ళలో నానిన కొబ్బరి డొక్కల్ని నూకాలమ్మ అనే ఆవిడ కర్రతో బాది, పీచు తీసి, రాట్నం మీద పురిపెట్టి, మూడు పాయలు కలిపి నన్ను పేనింది. పేనుతూ పక్కావిడతో అంది, "ఇది పడవకి పోద్దే, సముద్రం చూత్తాది" అని. ఆ మాట నేను నమ్మాను. కాకినాడ బజారులో కొట్టు గుమ్మానికి వేలాడుతున్నన్నాళ్ళూ సముద్రం కోసమే ఎదురుచూశాను.

వచ్చింది మాత్రం ముత్యాలరావు గారు. ఓడరేవు గోదాములో తూకం గుమాస్తా. కొత్తగా పెళ్ళయింది. అన్నగారింట్లోంచి అద్దె వాటాలోకి మారుతున్నారు. ఒక ట్రంకు పెట్టె, ఒక నవ్వారు మంచం, భార్య వరహాలు గారు పుట్టింటి నుంచి తెచ్చుకున్న రెండు బిందెలు, అంతే సంసారం. రెండు బారల తాడు చాలు. కొట్టువాడు తెంచి ఇవ్వనన్నాడు. ముత్యాలరావు గారు మొహమాటపడి మొత్తం కొన్నారు.

రెండు బారలు ఆయన సామానుకు సరిపోయాయి. మిగతా పది బారలూ ఏం చెయ్యాలి? అక్కడినుంచి మొదలైంది ఆయనకీ నాకూ ఈ వ్యాపకం.

రేవులో పడవలవాళ్ళ దగ్గర ముడులు నేర్చుకున్నారాయన. లాగినకొద్దీ బిగిసేవి కొన్ని, ఎంత బిగిసినా చివర పట్టుకుని ఒక్క గుంజు గుంజితే విడిపోయేవి కొన్ని. తోపుడు బండి మీద బరువైనవి కిందా తేలికవి పైనా పేర్పించి, నన్ను అటూ ఇటూ నాలుగు వరసలు తిప్పి, మధ్యలో కర్రముక్క పెట్టి మెలితిప్పారంటే, బండి గుంటలో పడి లేచినా గ్లాసు కదిలేది కాదు. చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఎవరు ఇల్లు మారినా ఆ ఉదయం మేమిద్దరం అక్కడ ఉండేవాళ్ళం.

మమ్మల్ని ఎవరూ పిలిచేవారు కాదు. పెళ్ళికైతే బొట్టుపెట్టి పిలవాలి, పిలవకపోతే తరతరాలు గుర్తుపెట్టుకుంటారు. ఇల్లు మారడానికి ఆ పద్ధతి లేదు. ఫలానావాళ్ళు వెళ్ళిపోతున్నారట అని తెలిస్తే చాలు, ఎవరి మటుకు వాళ్ళు వచ్చి చెయ్యి వేసేవారు. ఒకరు కాఫీ ఫ్లాస్కు, ఒకరు పులిహోర గిన్నె. పని తక్కువ, సలహాలు ఎక్కువ. రుబ్బురోలు ఎలా ఎత్తాలో చెప్పినవాళ్ళలో పదోవంతు మంది కూడా దాన్ని ఎత్తలేదు.

మనుషుల సంగతి ఇల్లు మారే రోజునే తెలుస్తుంది. ఏడాదంతా ఇస్త్రీ మడత నలగకుండా తిరిగే పెద్దమనిషి మంచం బయటికి తేగానే, దాని కాళ్ళ చుట్టూ కట్టిన పాత పంచెలు వీధంతా చూస్తుంది. పనికిరాని గడియారాన్ని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకునేవాళ్ళు ఉంటారు. ఇక ఆవకాయ జాడీ అయితే ఏ ఇంటివాళ్ళూ బండి మీద పెట్టనివ్వరు. అది రిక్షాలో ఇల్లాలి ఒళ్ళో కూర్చుని వెళ్ళాల్సిందే.

ముత్యాలరావు గారికి ఒక అలవాటు ఉండేది. సామానంతా ఎక్కించాక ఖాళీ ఇంట్లో ఒక్కరే కలయదిరిగేవారు. తలుపుల వెనకా గూళ్ళలోనూ అటక మీదా చూసేవారు. అలా ఒకరి రేషను కార్డు దొరికింది, ఒకరి మంగళసూత్రం దొరికింది, ఒకసారి మూడు పిల్లికూనలు దొరికాయి. "నేను చూసొచ్చిన ఇంట్లో చీపురుపుల్ల కూడా మిగలదండి" అని గొప్పగా చెప్పుకునేవారు. ఆ గొప్పే మా కొంప ముంచింది.

పక్క వాటాలో కొండలరావు ఉండేవాడు. సైకిల్ షాపు. ముత్యాలరావు గారికి ప్రాణస్నేహితుడు. అతని భార్య సుభద్రమ్మ ముత్యాలరావు గారిని నోరారా అన్నయ్యగారూ అని పిలిచేది. ఆయనకు తోడబుట్టిన ఆడపిల్లలు లేరు. ఆ పిలుపు వినడానికే రోజూ సాయంత్రం ఏదో ఒక వంకతో ఆ గుమ్మంలో నిలబడేవారని నా అనుమానం.

కొండలరావు షాపు కలిసొచ్చింది. పద్నాలుగు అద్దె సైకిళ్ళతో పెద్ద షాపు పెట్టి, వంతెన అవతల రామారావుపేటలో రెండు గదుల ఇల్లు తీసుకున్నాడు. ఆరోజు ముత్యాలరావు గారు నన్ను కట్టినంత అందంగా ఎప్పుడూ కట్టలేదు. చివరికి అలవాటుగా ఖాళీ ఇల్లు చూడటానికి వెళ్ళారు. వంటింటి తలుపు వెనక చీపురు కనిపించింది.

పాత చీపురును కొత్త ఇంటికి తీసుకెళ్ళకూడదు. తీసుకెళ్తే పాత దరిద్రమంతా వెంట వస్తుందని మన ఆడవాళ్ళ నమ్మకం. మామూలుగా ఇల్లాళ్ళు దాన్ని ముందే పెరట్లో పారేసేవారు గనుక ఈయన కంట ఎప్పుడూ పడలేదు. చీపురు సంగతులు మగవాళ్ళకు ఎవరు చెబుతారు? సుభద్రమ్మ హడావుడిలో తలుపు వెనకే వదిలేసింది. ఈయన దాన్ని మహా భాగ్యంలా పట్టుకొచ్చి, నా పై వరసలో నిలువుగా గుచ్చారు. వంతెన మీదుగా, బజారు మీదుగా, ఊరంతా చూస్తుండగా బండి మీద చీపురు జెండాలా ఊగుతూ వెళ్ళింది.

కొత్త ఇంట్లో సుభద్రమ్మ పొయ్యి మీద పాలు పెట్టి పొంగడం కోసం చూస్తోంది. ఈయన చీపురుతో గుమ్మం దాటి లోపలికే వెళ్ళి, "మర్చిపోయావమ్మా! నేను చూశాను గాబట్టి సరిపోయింది" అన్నారు.

ఆవిడ ముఖం పాలిపోయింది. పాలు పొంగాయి, ఎవరూ చూడలేదు.

అంతటితో పోయేదే. నాలుగు నెలలకు తుఫాను వచ్చింది. వరసలో పది దుకాణాలుంటే కొండలరావు షాపు రేకులే లేచిపోయాయి. సైకిళ్ళ మీద గోడ పడింది. మర్నాడు పొద్దున్నే ముత్యాలరావు గారు నన్ను భుజాన వేసుకుని మోకాలిలోతు నీళ్ళలో నడిచి వాళ్ళింటికి వెళ్ళారు, మిగిలిన రేకులైనా కట్టిపెడదామని. సుభద్రమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మీరు చేసిన సాయం చాలండి. ఇంక మా గుమ్మం ఎక్కకండి" అంది.

అన్నయ్యగారూ అనలేదు. ఆయన అది కూడా విన్నారు. వెనక్కి తిరిగారు.

ఆ తర్వాత మూడేళ్ళు నేను మేకుకు వేలాడాను. వీధిలో ఎవరైనా ఇల్లు మారుతుంటే ముత్యాలరావు గారు నడుం నొప్పి అని పడుకునేవారు. నడుముకు ఏమీ లేదు. తన చేతుల్లోనే ఏదో ఉందని ఆయనకు భయం పట్టుకుంది. తను ముట్టుకున్న సామానుతో పాటు ఏం వెళ్తుందో అని. వరహాలు గారు నన్ను దండెంగా వాడబోయింది గానీ పీచుకు పట్టుకుని చీర అంచు చిరిగింది. తిట్లన్నీ నాకే. మునసబు వీధిలో ఎవరిదో అద్దాల బీరువా బండి మీంచి జారి భళ్ళుమందని విన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. ముత్యాలరావు గారు ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

ఒక శ్రావణమాసంలో కబురు తెలిసింది. కొండలరావు మళ్ళీ మన వీధికే వస్తున్నాడు. షాపు పూర్తిగా పోయింది, ఇంకొకరి షాపులో పనికి కుదిరాడు. మూడిళ్ళ అవతల ఒంటిగది వాటా. గురువారం ఉదయం సామాను మార్చుకుంటారు.

గురువారం ముత్యాలరావు గారు సెలవు పెట్టారు. గడ్డం గీసుకున్నారు. నన్ను మేకు మీంచి దింపి, బూజు దులిపి, ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. ఎనిమిదయింది. తొమ్మిదయింది. ఆయన వేళ్ళు నన్ను సవరిస్తూనే ఉన్నాయి గానీ మనిషి లేవలేదు.

వరహాలు గారు బయటికొచ్చి చూసింది. "పిలవలేదని కూర్చున్నారేవిటి? ఇల్లు మారేవాళ్ళు ఎవరైనా ఎవర్నైనా పిలిచారా ఇన్నాళ్ళూ?"

"పిలవకపోడం వేరు వరహాలూ. రావద్దనడం వేరు."

"తిడతాది, అంతేగదా. రేపణ్ణించి మూడిళ్ళవతల ఉండే మనిషి. ఎన్నాళ్ళని తల తిప్పుకుంటారు? ఎళ్ళండి. ఆ తిట్లేవో తినేసి, సామాను కట్టేసి రండి."

వెళ్ళాం. వంతెన దాటేలోపు ఆయన రెండుసార్లు ఆగి నన్ను భుజం మార్చుకున్నారు.

ఇంటి ముందు ఒక తోపుడు బండి. పద్నాలుగు సైకిళ్ళ యజమాని సామాను ఇప్పుడు ఒక్క బండికి సరిపోయింది. బండివాళ్ళిద్దరూ పరుపు కింద వేసి ఇనప పెట్టె పైన పెట్టి, పురికొసతో చుడుతున్నారు. నాకైతే కళ్ళు మూసుకోవాలనిపించింది. ముత్యాలరావు గారు వీధికి ఈవల కరెంటు స్తంభం పక్కన ఆగిపోయారు. కొండలరావు చూశాడు. రమ్మనలేక, పొమ్మనలేక, బండి చక్రం కేసి అదేదో కొత్త వస్తువన్నట్టు చూస్తూ నిలబడ్డాడు.

సుభద్రమ్మ బిందెతో బయటికొచ్చింది. ఈయన్ని చూసి ఆగింది. జుట్టు నెరిసింది ఆవిడకు, మూడేళ్ళలోనే. బిందె కింద పెట్టింది.

"అక్కడ నిలబడితే సామాను దానంతటదే కట్టుకుంటాదాండి?" అంది.

ఆ మాట చాలు. ఆయన చెప్పులు విడిచి బండెక్కారు. పెట్టె కిందికి, పరుపు పైకి. నన్ను అటు విసిరి ఇటు అందుకుంటూ నాలుగు వరసలు. ఒక్కటి మాత్రం గమనించాను. ఆయన ఆ ఇంటి మెట్టు ఎక్కలేదు. లోపలినుంచి ఏం తెచ్చినా మెట్టు కిందే నిలబడి చేతులు చాచి అందుకున్నారు. రుబ్బురోలును కొండలరావు ఒక్కడే లోపలినుంచి ఆయాసపడుతూ దొర్లించుకొచ్చాడు గానీ ఈయన మెట్టు మీద కాలు పెట్టలేదు. సుభద్రమ్మ అది చూస్తూనే ఉంది.

చివరి ముడి పడింది. ఖాళీ ఇల్లు చూడటానికి ఎవరూ వెళ్ళలేదు. అప్పుడు సుభద్రమ్మ తువ్వాలులో చుట్టిన దేవుడి పటం పట్టుకొచ్చింది. ఇల్లు మారేటప్పుడు అన్నిటికంటే ముందు ఆ పటం వెళ్ళాలి. ఇంటి యజమాని చేతుల్లో, కొత్త ఇంట్లో కుడికాలు పెట్టి. కొండలరావు చేతులు చాచాడు. ఆవిడ అతన్ని దాటి ముత్యాలరావు గారి దగ్గరికి వచ్చింది.

"ఆయన చేతులు చూడండి, అంతా గ్రీజే. పటం మీరు పట్టుకోండి."

ముత్యాలరావు గారు రెండడుగులు వెనక్కి వేశారు. "నా చేతుల్తోనా అమ్మా? వద్దు తల్లీ. ఒకసారి తెచ్చింది చాలు."

"మీ చేతుల్తోనే." ఆవిడ పటాన్ని ఆయన ముందుకు చాచింది. "తుఫాను ఊరందరికీ వచ్చింది అన్నయ్యగారూ. అది నాకు ఆరోజే తెల్సు. ఎవరో ఒకళ్ళని తిట్టాలిగదా. తుఫాన్ని తిడితే ఇంటాదా? మీరైతే ఇంటారని మిమ్మల్ని తిట్టేను."

ముత్యాలరావు గారు పంచెకు చేతులు ఒకటికి రెండుసార్లు తుడుచుకుని పటం అందుకున్నారు. నలభై ఇళ్ళ సామాను వెళ్ళినప్పుడు బండి వెనక నడిచిన మనిషి ఆరోజు బండి ముందు నడిచారు. వంతెన మీద ఎదురొచ్చినవాళ్ళు పటానికి దణ్ణం పెట్టి తప్పుకుంటుంటే, ఆయన కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక అలాగే కన్నీళ్ళు కారుస్తూ నడిచారు. సముద్రం చూడలేదని నాకు ఎప్పుడూ ఒక లోటు ఉండేది. ఆ నడక చూశాక ఆ లోటు పోయింది.

ఒంటిగది వాటాలో కుడికాలు పెట్టి పటం దించారు. పాలు పొంగాయి. ఈసారి అందరూ చూశారు. మొదటి గ్లాసు సుభద్రమ్మ ఆయనకే ఇచ్చింది.

తర్వాత ఆయన బండి దగ్గరికొచ్చి నా ముడి మీద చెయ్యి వేశారు. ఒక్క గుంజుకు విడిపోయే ముడి అది, వెయ్యిసార్లు విప్పిన ముడి. ఒక్క గుంజు గుంజారు, రాలేదు. కొండలరావు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ కలిసి లాగారు, భుజాలు ఆనించుకుని. అయినా రాలేదు. దారిలో బిగిసిపోయిందని వాళ్ళు అనుకున్నారు. నిజం చెప్పాలంటే నేనే బిగబట్టాను. కాసేపు వాళ్ళను అలా నిలబడనిద్దామని.