గేటుకి కట్టేసిన కుక్క

గల్ఫ్‌లో, బర్కా అనే ఊళ్లో ఒక ఖర్జూరం తోట గేటుకి ఎవరో కుక్కను కట్టేసి పోయారు. జూన్ ఎండ. నీళ్లు వదలడానికి వచ్చిన భూమయ్యకి అది నాలుక వేలాడేసుకుని, మెడ దగ్గర తాడు ఒరుసుకుపోయి కనిపించింది. విప్పబోతే పళ్లు చూపించింది.

"నన్నెందుకే కరుస్తవ్? కట్టేసినోన్ని కర్వు," అని తిట్టి, కొడవలితో దూరం నుంచే తాడు కోశాడు.

అది పారిపోలేదు. మోటారు గది వెనక నక్కి రెండు రోజులు మెతుకు ముట్టలేదు. భూమయ్యకి కుక్కలంటే ప్రేమేమీ లేదు. కట్టేసినవాడి మీద కోపమే అతణ్ని దాని దగ్గర కూర్చోబెట్టింది. డ్యూటీ అయ్యాక దానికి వీపు తిప్పి కూర్చుని, తన పళ్లెంలోని ముద్ద పట్టుకుని చెయ్యి వెనక్కి చాపేవాడు. తిరిగి చూసేవాడు కాదు. తొమ్మిదో రోజు వేళ్లకి దాని నాలుక తడి తగిలింది. నెల తిరిగేసరికి పుండు కడుగుతుంటే కదలకుండా నిలబడింది. మల్లి అని పేరు పెట్టుకున్నాడు.

నవంబరులో ఒక శుక్రవారం తెల్ల కారొకటి వచ్చింది. దిగిన మనిషి పేరు సంజీవ్, పట్నంలోని అల్ ఖువైర్‌లో ఒక ఆఫీసుకి మేనేజరు.

"డైసీ," అని పిలిచాడు.

మల్లి పరుగున పోయి అతని మోకాళ్ల మీద కాళ్లేసి తోక ఊపింది. భూమయ్యకి ఒళ్లు మండింది.

"అప్పుడు ఫ్లాట్‌లో కుక్క వద్దన్నారు. తోటలో ఎవరో ఒకరు చూసుకుంటారనుకున్నాను. ఇప్పుడు విల్లాకి మారాం, పిల్లలు అడుగుతున్నారు," అన్నాడు సంజీవ్, రిపేరుకిచ్చిన వస్తువు తీసుకుపోవడానికి వచ్చినట్టు.

"గిన్ని నీళ్లన్న పెట్టి పోయిన్రా సారూ?"

సంజీవ్ జేబులోంచి కొత్త మెడపట్టీ తీశాడు. మల్లి తోక ఆగిపోయింది. నేలకి అంటుకుపోయి, ఉన్నచోటే ఉచ్చ పోసుకుంది.

"పట్టీ లోపట వెట్టున్రి."

"చూడవయ్యా, అది నా కుక్క. కాగితాలున్నాయి. మీ అర్బాబ్‌కి ఫోన్ చేస్తాను."

"చెయ్యున్రి. ఏ ఎండల కట్టేసిన్రో, ఎన్ని దినాలు తిండి ముట్టలేదో నేను గూడ జెప్త. కాయితాలల్ల గది రాసుంటదా?"

గొంతు పెరగలేదు. తోట యజమాని అయిన ఆ అర్బాబ్ పని మాన్పిస్తాడేమోనన్న భయం కూడా ఆ కోపం ముందు నిలవలేదు.

సంజీవ్ ఫోన్ తీసి, తడిసిన మట్టినీ కుక్కనీ చూశాడు. ఫోన్ మళ్లీ జేబులో పెట్టేశాడు.

"పిల్లలకి ఏం చెప్పను?"

"జరిగింది జెప్పున్రి."

కారు వెళ్లిపోయింది. భూమయ్య కోపం మాత్రం పోలేదు. కాలవ గట్టు మీద కూలబడి మల్లి మీద విరుచుకుపడ్డాడు.

"వాని మీదికి ఉరికినవ్ గదనే. సిగ్గు లేదా నీకు? ఇంత జేసినోనికి తోక ఊపుతవా?"

అది వచ్చి ఒళ్లో మూతి పెట్టింది. అతను ఇంకా తిడుతూనే ఉన్నాడు.