గేటు లోపలి ఎత్తు

పొద్దున బడి గంట కొట్టే వేళకి టైలరమ్మ మేనకోడలి చెయ్యి పట్టుకుని గేటు దాకా వచ్చేది. సంచీ భుజానికి తగిలించేది, జడ రిబ్బను ఒకసారి సర్దేది, "వెళ్లు పిచ్చుకా" అనేది. అంతే. గేటు దాటి ఒక్క అడుగు కూడా వేసేది కాదు. మిగతా పెద్దవాళ్లు మాత్రం కబుర్లు చెప్పుకుంటూ పిల్లలతో పాటు లోపలికి వెళ్లేవాళ్లు, వెళ్తూ వెళ్తూనే కుదించుకుపోయేవాళ్లు.

ఆ ప్రాథమిక పాఠశాలలో చదివినవాళ్లు ఎవరైనా సరే, గేటు దాటితే చాలు, చదువు ఆపి బయటపడిన నాడు ఎంత ఎత్తున్నారో అంతే అయిపోతారు. మొహాలు మారవు. మీసాలు, బట్టతలలు, కళ్లజోళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. బట్టలూ మనిషితో పాటే చిన్నవవుతాయి కాబట్టి అందరి పరువూ దక్కింది. హెడ్ కానిస్టేబులు గుబురు మీసాలతో కొడుకు పక్కన అదే ఎత్తున నడుస్తుంటే తిరిగి చూసేవాళ్లే లేరు. ఎత్తుతో పాటు బలమూ తగ్గుతుంది. బడిలో కుళాయి పాడైతే, అక్కడే చదివిన ప్లంబరు గేటు బయటే నిలబడి, ఇంకెక్కడో చదివిన వాడిని లోపలికి పంపేవాడు. లోపల తన చేతికి రెంచి తిరగదు మరి.

వచ్చేవాళ్లంతా ఐదో తరగతి పూర్తి చేసినవాళ్లే కాబట్టి లోపల ఇంచుమించు అందరూ ఒకే ఎత్తు. టైలరమ్మ రెండో తరగతి మధ్యలో మానేసింది. దానికి చదువు ఒంటబట్టలేదని వాళ్లమ్మ బతికున్నంత కాలం అందరికీ చెప్పింది. పచ్చి అబద్ధం. తమ్ముడు పుట్టాడు, అమ్మకి మిల్లులో సెలవు అయిపోయింది, వాణ్ణి చూడటానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది. "ఒక్క ఏడాదేగా" అంది అమ్మ. ఆ ఏడాది ఇంతవరకూ అవ్వలేదు. వాణ్ణి మోసీ మోసీ టైలరమ్మ ఎడమ నడుము పక్కకి వాలిపోయింది. ఊరందరి బట్టలూ తిన్నగా కత్తిరించే మనిషి, తనకి కుట్టుకునేటప్పుడు మాత్రం ఒకవైపు కాస్త పొడుగు వదులుకోవాలి.

ఆ తమ్ముడే ఇప్పుడు టెంట్లు, మైకు సెట్లు అద్దెకిస్తాడు. ఊరంతా వాణ్ణి మైకు అనే పిలుస్తారు. బడికి డెబ్బై ఐదేళ్లు నిండుతున్నాయని కమిటీ వేస్తే దానికి సెక్రటరీ అయ్యాడు. హడావుడి అంతా ఇంతా కాదు. వేదిక మెట్లు పొట్టివి కావాలన్నాడు, మైకు స్టాండ్లు అడుక్కి దించాలన్నాడు, అంగన్‌వాడీ నుంచి చిన్న కుర్చీలు తెప్పించాడు. పాత విద్యార్థులందరికీ రిబ్బను బ్యాడ్జీలు కుట్టే పని అక్కకి అప్పగించాడు. ఆమె మిగతా పనులన్నీ పక్కన పెట్టి వారం రోజులు కూర్చుని కుట్టింది. చివరిది కుట్టి తన జాకెట్టు మీద పెట్టి చూసుకుంటుంటే, వాడు నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. బ్యాడ్జీలు పూర్తి చేసినవాళ్లకేనని కమిటీ తీర్మానమట. రోడ్డు మీద వేరే టెంటు వేస్తున్నారట, బయటివాళ్లకి. అక్కడ ముందు వరసలో కుర్చీ వేయిస్తాడట.

"లోపలికి వస్తే నవ్వుతారక్కా. నీ మంచికే చెప్తున్నా."

టైలరమ్మ బ్యాడ్జీ తీసి కుప్పలో పడేసింది. తన చేత్తో కుట్టిన బ్యాడ్జీకి తను పనికిరాదు. ఆ మాట చెప్పింది పరాయివాడైతే ఆ కుప్పంతా తీసి మొహాన కొట్టేదే.

వాడు అక్కడితో ఆగినా బాగుండేది. బ్యాడ్జీలు సంచీలో నింపుకుంటూ, ఏదో టెంటు గుంజల సంగతి చెప్పినంత తేలిగ్గా ఇంకో మాట చెప్పాడు. పై నెల నుంచి వాళ్లావిడ మళ్లీ అట్టపెట్టెల ఫ్యాక్టరీకి వెళ్లాలి. బాబుకి ఏడో నెల. అందుకని ఉత్సవం అవగానే పిచ్చుకని బడి మాన్పించి ఇంట్లో ఉంచుతారు.

కత్తెర ఆగిపోయింది. పిచ్చుక చదివేది రెండో తరగతి.

బాబుని తన కొట్లో ఉంచమంది టైలరమ్మ, ఉయ్యాల మిషను పక్కనే కట్టుకుంటానంది. సూదులు, పిన్నులు, బట్టల దుమ్ము, వద్దన్నాడు. డబ్బిచ్చి ఎవరినైనా పెట్టుకోమంది. పరాయివాళ్ల చేతిలో ఎలా పెడతామన్నాడు. నువ్వే చూసుకోరాదా, నీ వ్యాపారం ఇంటి ముందేగా అంది. దానికి నవ్వాడు.

"ఒక్క ఏడాదేగా అక్కా. నువ్వు మోయలేదా నన్ను? నీకేం తక్కువైందిప్పుడు?"

టైలరమ్మకి ఒళ్లంతా మండిపోయింది. వాడు వెళ్లాక చూస్తే, వేదిక వెనక కట్టడానికి తెచ్చిన బ్యానరు కొట్లోనే మర్చిపోయాడు. 'చదువు ప్రతి బిడ్డ హక్కు' అని దాని మీద అక్షరాలు మనిషంత ఉన్నాయి. రాయించింది వాడే. అవి చదవడానికి టైలరమ్మకి కాస్త టైము పట్టింది, కూడబలుక్కుని చదవాలి కాబట్టి.

ఉత్సవం నాడు వీధంతా జనం. లోపల పొట్టి కుర్చీల్లో నెరిసిన తలలు, బట్టతలలు వరసగా కనిపిస్తున్నాయి. రిటైరైన జడ్జిగారికి మాత్రం పెద్ద కుర్చీ వేశారు, కాళ్లు నేలకి ఆనక ఊపుకుంటూ కూర్చున్నారు. టైలరమ్మ బయట టెంటులో, బాబుని ఒళ్లో పెట్టుకున్న మరదలి పక్కన కూర్చుంది. మరదలు వేరే ఊళ్లో చదివిన పిల్ల. పిచ్చుకని మాన్పించడం ఆమెకీ ఇష్టం లేదు. చెప్పి చూశాను వదినా, నా మాట ఎక్కడ వింటారు అని అప్పటికే రెండుసార్లు కళ్లు తుడుచుకుంది.

లౌడ్‌స్పీకర్లలో మైకు గొంతు ఊరంతా మోగుతోంది. టీచర్లని పొగిడాడు, దాతల్ని పొగిడాడు. తర్వాత గొంతు పెంచి, "డెబ్బై ఐదేళ్లుగా మన ఊరు ఏ ఒక్క బిడ్డనీ మధ్యలో వదిలెయ్యలేదు. అందుకు మనమంతా గర్వపడాలి" అన్నాడు. లోపల చప్పట్లు మారుమోగాయి.

టైలరమ్మ లేచి నిలబడింది. "బాబుని తీసుకుని నాతో రా" అంది మరదలితో. మరదలు బాబుని ఎత్తుకుని వెంటనే లేచింది.

గేటు దాటింది. మరదలు మరదలిలాగే ఉంది. టైలరమ్మ తల మాత్రం మరదలి భుజం దిగింది, మోచెయ్యి దిగింది, నడుము దగ్గర ఆగింది. నెరుస్తున్న జుట్టు, మెడలో కొలత టేపు, కింద ఏడేళ్ల పిల్ల ఒళ్లు. ముందు వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వి, నవ్వు మింగేశారు. పాట పాడటానికి వరసలో నిలబడ్డ పిచ్చుక పరుగెత్తుకొచ్చి, తన తల మీద చెయ్యి పెట్టి అత్త తల దాకా జరిపి చూసింది.

"అత్తా, నువ్వు నాకంటే పొట్టి."

"అవునే" అంది టైలరమ్మ. చేతులు పైకి చాపింది. "బాబుని ఇలా ఇవ్వు."

మరదలు వంగి ఇచ్చింది. టైలరమ్మ బాబుని ఎడమ నడుము మీదకి ఎక్కించుకుంది. నడుము వాలిన చోట బిడ్డ సరిగ్గా కూర్చున్నాడు. వాడి కాళ్లు ఆమె మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. రెండు అడుగులు వేసేసరికి జారిపోయాడు. ఎగదోసుకుంది. మళ్లీ జారాడు, మళ్లీ ఎగదోసుకుంది. ఒళ్లంతా కుడివైపు వంచి, పళ్లబిగువున, కుర్చీల మధ్య నుంచి వేదిక వైపు నడిచింది. ఎవరూ అడ్డు రాలేదు. బాబు గుక్కపెట్టి ఏడుస్తుంటే ఆ ఏడుపు మైకులో పడి వీధి చివరిదాకా వినిపించింది.

మైకు ఉపన్యాసం ఆపేశాడు. వేదిక దిగొచ్చాడు, పదేళ్ల పిల్లాడంత ఎత్తున, కోటూ బ్యాడ్జీ వేసుకుని.

"పడేస్తావక్కా, ఇటివ్వు."

"నిన్ను ఒకసారి పడేశాను. అమ్మ వాతలు తేలేలా కొట్టింది. మళ్లీ పడెయ్యలేదు."

వాడు అక్కని చూశాడు, పక్కన నిలబడ్డ కూతుర్ని చూశాడు, మళ్లీ అక్కని చూశాడు. వాడికి ఊహ తెలిసేసరికి అక్క పెద్దది. చంకన కూర్చున్నవాడికి ఎత్తుకున్న మనిషి ఎప్పుడూ పెద్దగానే కనిపించింది.

"ఇంతేనా నువ్వు?" అన్నాడు. "పెద్దదానివనుకున్నానక్కా."

"అందరూ అలాగే అనుకున్నారు" అంది టైలరమ్మ, బాబుని వాడి చంకలో పెట్టేసింది.

వాడు తూలాడు. పదేళ్ల చేతులకి ఏడు నెలల బిడ్డ, అదీ బొద్దుగా పెరిగిన బిడ్డ, మామూలు బరువు కాదు. రెండు చేతులతో పట్టుకున్నా జారిపోతున్నాడు. సాయానికని జడ్జిగారు కుర్చీ దిగబోతే టైలరమ్మ ఒక్క చూపు చూసింది. ఆయన మళ్లీ కూర్చున్నారు.

"మొయ్యి" అంది తమ్ముడితో. "ఒక్క ఏడాదేగా."

పిల్లలు పాట మొదలుపెట్టారు. పాట అయ్యేదాకా వాడు బాబుని దించలేదు. దించమని ఎవరూ అనలేదు కూడా.

పై నెల నుంచి మరదలు ఫ్యాక్టరీకి వెళ్లింది. పిచ్చుక బడికి వెళ్లింది. మైకు బాబుని చంకనేసుకుని టెంట్ల లెక్కలు చూసుకుంటున్నాడు, వైర్లు చుడుతున్నాడు, ఎవరైనా నవ్వితే మొహం అటు తిప్పుకుంటున్నాడు. కమిటీవాళ్లు కొట్టుకొచ్చి, టైలరమ్మకి కూడా బ్యాడ్జీ ఇవ్వాలని తీర్మానించామని, అదేదో ఆమే కుట్టుకుంటే బాగుంటుందని చెప్పారు. రిబ్బను అయిపోయిందని చెప్పి పంపేసింది. రిబ్బను చుట్ట ఆమె చేతికిందే ఉంది.

అప్పటినుంచి టైలరమ్మ రోజూ గేటు దాటి తరగతి గది దాకా వెళ్లేది. పిచ్చుక ఎదుగుతూ వచ్చింది. ఐదో తరగతికి వచ్చేసరికి, గేటు లోపల తన జడ రిబ్బను అత్త సర్దాలంటే పిచ్చుక ఒంగోవాల్సి వచ్చేది. టైలరమ్మ మునివేళ్ల మీద లేచి రిబ్బను బిగించి, మేనకోడలి మొహం తలెత్తి చూసుకునేది. కోపం మాత్రం తగ్గలేదు. తగ్గించుకోవాలని ఆమెకీ లేదు.