నిద్రపోతున్న కొట్టులో ఒక్క వాటా

ఇన్నేళ్లుగా మేం కుట్టేది ఒకే కంపెనీ దారంతో. రీలు మీద నీలం చేప బొమ్మ ఉంటుంది. ఆ చేప అమెరికాదని మొన్నటిదాకా నాకు తెలియదు. మా మనవరాలు చెప్పిన రోజు నుంచీ నాకు ఒకటే ఆరా.

“ఆ కంపెనీలో మనమూ షేరు కొనొచ్చు నానమ్మా, ఫోన్లోంచే.”

“మనం ఇక్కడ, అది అక్కడ. మనకెవరిస్తారే?”

“ఇస్తారు. ఒక్కటి కొన్నా ఆ మేరకు నువ్వూ యజమానివే.”

“అయితే ఇక దారం తెగితే అక్కనే తిడతా,” అంది నా తోడికోడలు కత్తెర ఆపకుండా. కుట్టుకొట్టు మా ఇద్దరిదీ. నోరు మాత్రం దానిదే పెద్దది. నాదీ చిన్నదేం కాదులెండి.

కొత్త ఓవర్‌లాక్ మిషను కోసం దాచుకున్నదంతా ఎన్ని కొంటామో తేలకముందే మనవరాలు డాలర్లు చేసి, షేర్లు కొనే ఆ యాప్‌లోనే ఉంచింది. ఈలోగా పాత మిషను అంచు కుట్టడం మానేసి బట్ట నమలడం మొదలెట్టింది. బడులు తెరిచేలోగా కొత్తది రాకపోతే యూనిఫాంల పనంతా ఎదురుకొట్టుకి పోతుంది. అందుకని ముచ్చటకి ఒక్క షేరు కొని, మిగతాది వెనక్కి తెప్పించుకోవాలని అనుకున్నాం.

పొద్దున మనవరాలు కొట్టు ఫోన్లో అంతా సిద్ధం చేసి, “ఈ పచ్చ బొత్తాం నొక్కండి చాలు,” అని కాలేజీకి వెళ్లిపోయింది. తోడికోడలు నొక్కింది. ఏదో ఇంగ్లీషు రాత మెరిసి మాయమైంది, అంతే.

“మొండికేసింది అక్కా,” అంటూ మళ్లీ నొక్కింది. కదలని మిషనుకి మాకు తెలిసిన వైద్యం ఒక్కటే, ఇంకోసారి తొక్కడం. అది తొక్కుతూనే ఉంది.

సాయంత్రం మనవరాలు చెప్పులు విప్పుతుండగానే అడిగాను. “ఆ అమెరికా కొట్టు ఎప్పుడు తెరుస్తారే?”

“వాళ్లకి ఇప్పుడే పొద్దెక్కింది. షేర్ల బజారు ఇంకాసేపట్లో తెరుస్తారు.”

“మరి పొద్దున అందరూ నిద్రపోతుంటే మేం నొక్కింది ఎవరు విన్నారు?”

“వినక్కర్లేదు, రాసి ఉంటుంది. తెరవగానే యాప్ కొనేస్తుంది.”

“పదిసార్లు నొక్కితే?”

మనవరాలు రెండో చెప్పు విప్పడం మరిచిపోయింది. ఫోన్ లాక్కుని చూసింది. ఒకదాని కింద ఒకటి, మా మిషను డబ్బంతా షేర్ల కోసం బారులు తీరి నిలబడి ఉంది. తోడికోడలు కత్తెర కింద పెట్టేసింది. దాని చేతిలో కత్తెర ఆగడం నేను చూసింది తక్కువ.

“నా చేతులు పడిపోను! మిషను మింగేశానా అక్కా?”

“ఇంకా తలుపు తియ్యలేదుగా, ఉండవే. వెనక్కి పిలవొచ్చా?” అన్నాను మనవరాలితో.

“తెరిచేలోగా అయితే పిలవొచ్చు.”

ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చింది. మేం దాని వేలినే చూస్తున్నాం. చివరికి ఒకటి మిగిలింది.

“దీన్ని ఉంచనా, తీసేయనా?”

“ఉండనీవే,” అంది తోడికోడలు. “అంత నొక్కినందుకు అదైనా దక్కనీ.”

మిషను వచ్చింది. యూనిఫాంలు మా దగ్గరే కుట్టిస్తున్నారు. దారం తెగినప్పుడల్లా తోడికోడలు తెగిన కొస నా ముక్కు ముందు ఆడిస్తుంది.

“ఏమమ్మా యజమానురాలా, ఇదేం సరుకు?”